ఆధార్, పాన్ రెండూ మోసగాళ్ల చేతికి చిక్కాయి. ముందు ఏం చేయాలి?

తెనాలి_అబ్బాయి

అందరికీ నమస్కారం. నా సిబిల్ రిపోర్టులో (అప్పుల చరిత్ర రిపోర్టు) రూ. 38,000 పర్సనల్ లోన్ ఒకటి కనిపిస్తోంది. ఇచ్చిన ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) పేరు కూడా నేనెప్పుడూ వినలేదు. దానికి ముందు వారంలోనే మూడు ఎంక్వైరీలున్నాయి (అప్పు కోసం ఎవరో అడిగితే సంస్థలు నా రిపోర్టు తీసిన నమోదులు), అవీ నావి కావు. ఆధార్, పాన్ జిరాక్సులు, ఫొటో మూడూ కలిపి ఇచ్చింది ఒక్కచోటే కాబట్టి అక్కణ్నుంచే బయటికి పోయాయని గట్టి అనుమానం.

మా అమ్మ కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి. ఆవిడ నరసరావుపేట దగ్గర పల్లెలో ఉంటుంది. రేషన్‌కి వేలిముద్ర వేస్తుంది, పీఎం కిసాన్ డబ్బులు ఖాతాలో పడతాయి. ఆవిడ ఆధార్‌కి ఏ ఫోన్ నంబరూ లింకు లేదు.

నంబర్లు మార్పించుకోవచ్చా? ముందు ఏది మూయాలి? రికవరీ వాళ్లు ఫోన్ చేసి "5,000 కట్టండి, సెటిల్ చేసి క్లోజ్ చేస్తాం" అంటున్నారు, కట్టాలా? అమ్మ విషయంలో ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పాతబ్యాంకరు

ఒక్క రూపాయి కూడా కట్టకండి. మిగతాదంతా తర్వాత. ఒక్క కంతు కట్టినా అప్పు మీదేనని ఒప్పుకున్నట్టు రికార్డులో పడుతుంది. పైగా "సెటిల్డ్" అనే మాట రిపోర్టులో ఉంటే మీరు అప్పు పూర్తిగా తీర్చలేదని అర్థం. రేపు హోమ్ లోన్‌కి వెళ్లినప్పుడు అదే అడ్డం పడుతుంది. మీకు కావాల్సింది సెటిల్‌మెంట్ కాదు. ఆ ఖాతా మీది కాదని వాళ్లే రాసిచ్చి, సిబిల్ లాంటి నాలుగు క్రెడిట్ బ్యూరోల్లోంచీ దాన్ని తీసేయించాలి.

నంబర్లు మారవు. ఆధార్ నంబరు దొంగల చేతికి పోయిందని కొత్తది ఇవ్వరు. రెండో పాన్ తీసుకుందామనుకుంటే దానికి రూ. 10,000 జరిమానా ఉంది. కాబట్టి ఆ నంబరు ఇక ఎప్పటికీ బయటే ఉందనుకుని, అది పనికొచ్చే చోట్లను ఒక్కొక్కటిగా బిగించుకుంటూ రావాలి. వేలిముద్రతో డబ్బు తీసే ఏఈపీఎస్, ఓటీపీ వచ్చే సిమ్ము ఈ రోజే చూసుకోవాలి, ఎందుకంటే అక్కడ డబ్బు నిమిషాల్లో పోతుంది. అప్పులు, పన్నుల సంగతి ఈ వారంలో చూసుకున్నా ఫరవాలేదు.

ఏఈపీఎస్ గురించి చాలామందికి తెలియదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర, ఈ మూడుంటే చాలు, ఏ కస్టమర్ సర్వీస్ పాయింట్లోనైనా (బ్యాంకు తరఫున పనిచేసే చిన్న కేంద్రం) ఒకసారికి రూ. 10,000 దాకా తీయొచ్చు. ఓటీపీ రాదు, పిన్ అడగదు, కార్డుతో పని లేదు. జిరాక్సులో వేలిముద్ర ఉండదు కదా అని ధీమాగా ఉండకండి. పొలం, స్థలం రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో వేలిముద్ర, ఆధార్ రెండూ ఒకచోటే దొరికే అవకాశం ఉంటుంది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో బయటపడ్డ కేసు అదే. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో పాలిమర్ మీద అచ్చులు పోసి, ఆ అచ్చులతో సిమ్ములు యాక్టివేట్ చేశారు. 2023 ఫిబ్రవరి నుంచి ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వేలి గీతలతో పాటు వేలి చిత్రాన్ని కూడా పోల్చి, అది ప్రాణమున్న వేలా, అచ్చా అని చూస్తోంది. మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని ఊరుకోవద్దు. బయోమెట్రిక్ లాక్ గురించి ఆధార్ పని తెలిసినవాళ్లు కింద చెబుతారు. మీరు మాత్రం ఈ రోజే మీ బ్యాంకు యాప్‌లో ఏఈపీఎస్ ఆఫ్ చేసే ఆప్షన్ ఉందేమో చూడండి. లేకపోతే బ్రాంచిలో ఉత్తరం ఇవ్వండి.

ఇక ఆ అప్పు. ప్రతి ఎన్‌బీఎఫ్‌సీ వెబ్‌సైట్లో ఫిర్యాదుల అధికారి పేరు, మెయిల్ ఉండాలి. ఆయనకి మెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. "ఈ లోన్ నేను తీసుకోలేదు" అన్న ఒక్క వాక్యంతో ఆపకుండా, ఇవి అడగండి: దరఖాస్తు కాపీ, కేవైసీకి వాడిన కాగితాలు, ఆ రోజు తీసిన సెల్ఫీ లేదా వీడియో, దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిలు, ఏ పరికరం నుంచి ఏ ఐపీ అడ్రసు నుంచి పెట్టారు, అగ్రిమెంటు మీద ఈ-సైన్ (ఎలక్ట్రానిక్ సంతకం) ఎలా జరిగింది, డబ్బు ఏ ఖాతాలో వేశారు, ఆ యూటీఆర్ నంబరు (ఆ బదిలీ గుర్తింపు నంబరు). ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. డిజిటల్ లోన్ డబ్బు నేరుగా అప్పు తీసుకున్న మనిషి బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అది మీ ఖాతా కాకపోతే వాళ్ల వాదనకి నిలబడే చోటు ఉండదు. ఫోన్ నంబరు, సెల్ఫీ కూడా మీవి కాకపోతే ఇక చెప్పనక్కర్లేదు.

అదే రోజు సిబిల్ వెబ్‌సైట్లో డిస్ప్యూట్ పెట్టండి, దానికి ఫీజు లేదు. లోన్ ఖాతా మీద "ఇది నాది కాదు" అన్న రకం ఎంచుకోవాలి. బాకీ మొత్తం తప్పు అన్న రకం ఎంచుకుంటే, ఎన్‌బీఎఫ్‌సీ లెక్క సరిచూసి "మా లెక్క కరెక్టే" అని తిప్పి పంపేస్తుంది. చాలా డిస్ప్యూట్లు ఇక్కడే వీగిపోతాయి. ఎంక్వైరీలు మూడింటికీ విడివిడిగా పెట్టాలి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించాలి. అందులో అప్పిచ్చిన సంస్థకి 21 రోజులు. దాటితే రోజుకి రూ. 100 చొప్పున మీకు పరిహారం రావాలి, 2024 ఏప్రిల్ నుంచి ఆ నిబంధన అమల్లో ఉంది. అందుకని డిస్ప్యూట్ నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

సిబిల్ ఒక్కటే కాదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. ఒక్కో బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇప్పుడు ఇంకొకటి తీసి సిబిల్‌తో పోల్చి చూడండి, మిగతా రెండూ దాచుకోండి. ఎందుకంటే అప్పిచ్చే సంస్థలు వివరాలు బ్యూరోకి ఏ రోజుకారోజు పంపవు, కొన్ని రోజులకోసారి పంపుతాయి. ఎంక్వైరీ కనిపించి ఖాతా కనిపించకపోతే ఆ అప్పు తిరస్కరించి ఉండొచ్చు, లేదా ఇంకా రిపోర్టులోకి ఎక్కకపోయి ఉండొచ్చు. మిగతా రెండు ఎంక్వైరీల సంగతి నెల తర్వాత తీసే రిపోర్టులో తేలుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు సోషల్ సెక్యూరిటీ నంబరు పోతే మూడు బ్యూరోల్లో క్రెడిట్ ఫ్రీజ్ చేసేసుకుంటారు, అది అక్కడ చట్టప్రకారం ఉచితం. మనకి అలాంటి హక్కు లేదు కాబట్టి ఈ నిఘానే గతి. బ్యూరోల దగ్గర మీ ఫోన్, ఈమెయిల్ సరిగ్గా ఉంటే, ఎవరైనా మీ రిపోర్టు తీసినప్పుడు అలర్ట్ వస్తుంది. అవి పాతవైతే ముందు మార్పించండి.

సిగ్నల్_టవర్

సిమ్ము సంగతి నేను చెబుతాను. సంచార్ సాథీ వెబ్‌సైట్లో మీ పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లున్నాయో చూపించే చోటు ఉంది, టాఫ్‌కాప్ అంటారు. మీ నంబరు, ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది. మీది కాని నంబరు పక్కన "నా నంబరు కాదు" నొక్కి పంపండి, రిక్వెస్ట్ ఐడీ వస్తుంది. "అవసరం లేదు" అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది మీరే తీసుకుని ఇప్పుడు వాడని సిమ్ములకి. పొరపాటున అది నొక్కితే ఆ సిమ్ము మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది. జాబితాలో నంబరు మధ్య అంకెలు కనిపించవు. ఇంట్లో అందరి నంబర్లూ కాగితం మీద రాసుకుని కూర్చుంటే పోల్చడం తేలిక.

ఇంకొకటి. మీ ఫోన్లో ఉన్నట్టుండి సిగ్నల్ పూర్తిగా పోయి, పక్కనున్నవాళ్లకి అదే కంపెనీ సిగ్నల్ బాగానే ఉంటే టవర్ సమస్య అనుకుని ఊరుకోకండి. మీ పేరుతో ఎవరైనా డూప్లికేట్ సిమ్ము తీసి ఉండొచ్చు. వెంటనే ఇంకో ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కి చేసి నంబరు బ్లాక్ చేయించండి, ఆ వెంటనే బ్యాంకుకి చేయండి. సిమ్ము మార్చిన తర్వాత కొత్త సిమ్ముకి మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపి ఉంచుతారు. ఆ వ్యవధి ఇందుకోసమే, దాన్ని పోగొట్టుకోకండి.

ఆధార్_కౌంటరు

లాకులు రెండు రకాలు, జనం కలిపేస్తారు. బయోమెట్రిక్ లాక్ వేస్తే వేలిముద్ర, కనుపాప, ముఖం ఏవీ పనిచేయవు, ఓటీపీ పనిచేస్తుంది. యూఐడీ లాక్ వేస్తే 12 అంకెల ఆధార్ నంబరుతో ఏ రకం ధ్రువీకరణా జరగదు, 16 అంకెల వర్చువల్ ఐడీ (ఆధార్ నంబరుకి బదులు ఇచ్చే నంబరు) ఇస్తేనే జరుగుతుంది. మీకు రెండూ వేయమని సలహా ఇస్తాను. మైఆధార్ వెబ్‌సైట్లో ఓటీపీతో లాగిన్ అయి ముందు వర్చువల్ ఐడీ పుట్టించండి, అది లేకుండా యూఐడీ లాక్ పడదు. లాక్ తీయడానికి కూడా అదే కావాలి, అదీ చివరగా తీసుకున్నదే. మర్చిపోతే రిజిస్టరైన ఫోన్ నుంచి 1947కి మెసేజ్ పెట్టండి: ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఆర్, వీ, ఐ, డీ, ఒక ఖాళీ, తర్వాత ఆధార్ చివరి నాలుగంకెలు. వర్చువల్ ఐడీ తిరిగి వస్తుంది. త్వరలో ఫోన్ నంబరు మార్చే ఆలోచన ఉంటే ముందు ఆధార్‌లో నంబరు మార్పించి, తర్వాతే లాకులు వేయండి.

లాగిన్ అయినప్పుడే ఆథెంటికేషన్ హిస్టరీ తెరవండి. గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ని ఏ సంస్థ, ఏ తేదీన, ఏ పద్ధతిలో అడిగింది, పాసైందా ఫెయిలైందా అన్నీ ఉంటాయి. ఒకసారికి 50 వరుసలే వస్తాయి, తేదీలు మార్చి మార్చి చూడాలి. ఆరు నెలలు దాటినవి కనిపించవు కాబట్టి ఈ రోజే దింపుకోండి. మీ కేసులో చూడాల్సింది లోన్ మంజూరైన తేదీ చుట్టుపక్కల. అక్కడ ఓటీపీతో పాసైన ఎంట్రీ ఉంటే మీ ఫోనుకొచ్చిన ఓటీపీ ఎవరో చదివారన్నమాట. మీ ఫోన్లో ఏదైనా ఏపీకే ఫైలు (ప్లే స్టోర్ బయట నుంచి వచ్చే యాప్ ఫైలు) ఇన్‌స్టాల్ అయిందేమో, సిమ్ము మారిందేమో చూడాలి. అసలు ఏ ఎంట్రీ లేకపోతే ఆ ఎన్‌బీఎఫ్‌సీ ఆధార్‌ని సరిచూడకుండా, ఎవరో పంపిన జిరాక్స్ ఫొటో చూసి అప్పిచ్చినట్టు. అప్పుడు తప్పు వాళ్లదని చెప్పడానికి ఆ ఖాళీ హిస్టరీయే మీకు ఆధారం. వేలిముద్ర పద్ధతిలో "330" అనే కోడ్‌తో ఫెయిలైన ఎంట్రీలు కనిపిస్తే, లాక్ వేసిన తర్వాత ఎవరో ప్రయత్నించారని అర్థం.

అమ్మగారి విషయం జాగ్రత్తగా చేయాలి. ముందు ఫోన్ నంబరు లింకు కావాలి, అది లేకుండా ఏ లాకూ వేయలేరు, ఏ హిస్టరీ చూడలేరు. ఆధార్ కేంద్రంలో వేలిముద్ర ఇస్తే చాలు, కాగితాలు అడగరు, ఫీజు రూ. 75. నడవలేని స్థితిలో ఉంటే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే సేవ కూడా ఉంది, పోస్టాఫీసులో అడగండి. రసీదు మీద నమోదు నంబరు ఉంటుంది, అది దాచండి.

నంబరు లింకయ్యాక వెంటనే బయోమెట్రిక్ లాక్ వేసేద్దామనిపిస్తుంది. వేస్తే రేషన్ షాపులో ఈ-పాస్ యంత్రం మీద వేలు పడదు, పింఛను లాంటి వాటికి ముఖం గుర్తింపూ పనిచేయదు. డీలరు "వేళ్లు అరిగిపోయాయమ్మా" అని పంపేస్తే ఆవిడకి అసలు కారణం తెలియదు. రేషన్ కార్డులో ఇంకొకరి పేరుంటే వాళ్లు వేలు వేయొచ్చు. లేకపోతే తాత్కాలికంగా లాక్ తీసే వీలుంది, 10 నిమిషాల్లో మళ్లీ దానంతటదే పడుతుంది. ఆవిడ ఆధార్‌కి మీ నంబరు లింకు చేస్తే, ఆవిడ షాపు దగ్గరికి వెళ్లి మీకు ఫోన్ చేశాక మీరు తెనాలి నుంచే తీయొచ్చు. క్యూ చూసి, ముందు ఇద్దరే మిగిలాక తీయండి. లేకపోతే వేలు పెట్టే వేళకి గడువు దాటిపోతుంది.

ఇదంతా కష్టమనుకుంటే నా అభిప్రాయంలో ఇంకో దారి మంచిది: లాక్ వేయకుండా బ్యాంకులో ఏఈపీఎస్ డెబిట్ ఆపించడం. ఉత్తరంలో మాత్రం మాట స్పష్టంగా ఉండాలి: "ఏఈపీఎస్ ద్వారా డబ్బు తీయడం మాత్రమే ఆపండి, ఆధార్ సీడింగ్ తీసేయవద్దు." సీడింగ్ అంటే ఖాతాని ఆధార్‌కి జోడించడం. కౌంటర్లో తొందరలో సీడింగ్ తీసేస్తే పీఎం కిసాన్ డబ్బు ఆగిపోతుంది, ఎందుకంటే ఆ డబ్బు ఆధార్‌కి జోడించిన ఖాతా ఏదో చూసుకునే వస్తుంది. రెండూ వేర్వేరు దారులు. ఖాతాలో నెల ఖర్చుకి సరిపడా ఉంచి మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే, వేలిముద్ర అచ్చుతో దాన్ని తాకలేరు.

తెనాలి_అబ్బాయి

చాలా థాంక్సండీ. మెయిల్ పెడితే ఎన్‌బీఎఫ్‌సీ వాళ్లు యూటీఆర్ ఇచ్చారు. డబ్బు నా పేరుతోనే ఉన్న ఒక పేమెంట్స్ బ్యాంకు (డిపాజిట్లు తీసుకుంటుంది కానీ అప్పులివ్వని బ్యాంకు) ఖాతాలో పడిందంటున్నారు. అలాంటి ఖాతా నాకు లేదు. "పేరు మీదే కదా" అని వాదిస్తున్నారు. ఇప్పుడేం చేయాలి?

పాతబ్యాంకరు

అంటే మీ కాగితాలతో ముందు ఖాతా తెరిచి, తర్వాత అప్పు తీసుకున్నారు. ఇప్పుడు ఆ బ్యాంకుకి రెండో ఫిర్యాదు రాయాలి. ఖాతా నేను తెరవలేదు, వెంటనే డెబిట్ ఆపండి, ఖాతా తెరిచిన ఫారం, కేవైసీ, లింకైన ఫోన్ నంబరు, స్టేట్‌మెంటు ఇవ్వండి అని. ఖాతా మూసేయండి అని మాత్రం ముందే రాయకండి. మూసేస్తే మిగిలిన డబ్బు, జాడ రెండూ పోతాయి. పోలీసుల నోటీసు చేరేదాకా ఆ ఖాతా ఆగి ఉండాలి.

ఇంకో ప్రమాదం ఉంది. ఆధార్‌కి డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) కోసం ఒక్క ఖాతాయే జోడై ఉంటుంది, ఆఖరుగా ఏది సీడ్ చేస్తే అదే. ఆ నకిలీ ఖాతాని సీడ్ చేసి ఉంటే గ్యాస్ సబ్సిడీ దగ్గర్నుంచి అన్నీ అందులోకే పోతాయి. 2017లో ఒక పెద్ద టెలికాం సంస్థ సిమ్ము కేవైసీ చేస్తూనే తన పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచినప్పుడు జరిగింది ఇదే, జనం గ్యాస్ సబ్సిడీ వాళ్లకి తెలియకుండానే అటు మళ్లింది. మైఆధార్‌లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" చూడండి, బ్యాంకు పేరు, సీడింగ్ తేదీ కనిపిస్తాయి. అమ్మగారిది కూడా చూడండి. పేరు తేడాగా ఉంటే మీ అసలు బ్యాంకు బ్రాంచిలో సీడింగ్ ఫారం కొత్తగా ఇస్తే మళ్లీ ఇటు మారుతుంది.

ఎన్‌బీఎఫ్‌సీ, పేమెంట్స్ బ్యాంకు, బ్యూరో, ముగ్గురిలో ఎవరు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది అడ్డగోలుగా ఉన్నా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలకి 14448. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే ఆ కాల్ లాగ్ కూడా ఫిర్యాదుకి జత చేయండి.

పన్నుల_మాట

పాన్ వైపు ఎవరూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను. అప్పు బయటపడుతుంది, ఎందుకంటే ఏజెంటు ఫోన్ చేస్తాడు. పాన్‌తో జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసి బోగస్ ఇన్వాయిసులు నడిపితే నోటీసు వచ్చేదాకా తెలియదు, అప్పటికి లక్షల్లో టర్నోవరు మీ పేరున ఉంటుంది.

జీఎస్టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే పాన్‌తో వెతకొచ్చు. సెర్చ్ ట్యాక్స్‌పేయర్‌లో పాన్ ఆప్షన్‌కి వెళ్లి నంబరు కొట్టండి, దేశమంతటా ఆ పాన్ మీదున్న జీఎస్టీఐఎన్‌లు (జీఎస్టీ నంబర్లు) వస్తాయి. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. తర్వాతి పది మీ పాన్. వ్యాపారం లేని మనిషికి ఏదైనా కనిపిస్తే పోర్టల్లోని గ్రీవెన్స్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ రిజిస్ట్రేషన్ ఏ అధికారి పరిధిలో ఉందో అదే పేజీలో చూసి ఆయనకీ రాయండి. రద్దు చేసే అధికారం ఆయనదే.

తర్వాత ఇన్‌కంట్యాక్స్ పోర్టల్లో ఏఐఎస్ (ఏడాది లావాదేవీల వివర పత్రం) తెరవండి. 26ఏఎస్ (మీ పేరున జమైన పన్ను పత్రం) కన్నా అందులో ఎక్కువ వివరం ఉంటుంది: వడ్డీలు, డిపాజిట్లు, షేర్ల కొనుగోళ్లు, జీఎస్టీ టర్నోవరు. ఆ నకిలీ పేమెంట్స్ బ్యాంకు ఖాతా వడ్డీ కూడా అందులో కనిపించొచ్చు. మీది కాని వరుస మీద ఫీడ్‌బ్యాక్ ఇచ్చి, అది మీకు చెందదని చెప్పే ఆప్షన్ ఎంచుకోండి, రసీదు దాచుకోండి. రిటర్ను వేసేటప్పుడు ఆ మొత్తం కలపకపోతే డిపార్ట్‌మెంటు అడుగుతుంది, అప్పుడు ఈ ఫీడ్‌బ్యాకే జవాబు.

చివరగా అదే పోర్టల్లో ప్రొఫైల్ కింద ఈ-ఫైలింగ్ వాల్ట్ ఉంటుంది. అందులో లాగిన్‌కి నెట్‌బ్యాంకింగో, ఆధార్ ఓటీపీయో తప్పనిసరి చేస్తే పాస్‌వర్డు దొరికినా ఎవరూ లోపలికి రాలేరు. పాస్‌వర్డు రీసెట్‌కి కూడా అదే ఎంచుకోవడం మర్చిపోకండి. లాగిన్‌కి మాత్రమే పెట్టి రీసెట్ వదిలేస్తే పక్కదారి తెరిచే ఉంటుంది.

ఓరుగల్లు_వకీలు

పోలీసు ఫిర్యాదు గురించి. డబ్బు కదిలిన గంటల్లోనైతే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైను) ఫోన్ చేయడం మొదటి పని, అవతలి ఖాతాలో డబ్బు ఆపగలుగుతారు. మీ కేసులో ఆలస్యమైంది, అయినా నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడొచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు ఎఫ్ఐఆర్ కాదు. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు తరచుగా ఎఫ్ఐఆరే అడుగుతాయి, కాబట్టి స్టేషన్‌కి వెళ్లాల్సి ఉంటుంది.

ఫిర్యాదులో ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్లు, భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, వేరొకరి పేరుతో మోసం చేసినందుకు 319, ఫోర్జరీకి 336 పేర్కొనండి. 66సీ అంటే వేరొకరి గుర్తింపు వివరాలు వాడటం, మూడేళ్ల దాకా శిక్ష, లక్ష దాకా జరిమానా. ఐటీ చట్టం నేరాలు ఇన్‌స్పెక్టరు స్థాయికి తక్కువ కాని అధికారే దర్యాప్తు చేయాలి. అందుకని స్టేషన్లో ఎస్సై "మా దగ్గర కాదు" అంటే ఇన్‌స్పెక్టరుని కలవండి. "నేరం మా పరిధిలో జరగలేదు" అంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 ప్రకారం ఎక్కడైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. ఎలక్ట్రానిక్‌గా పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. అసలే తీసుకోకపోతే అదే సెక్షన్ కింద ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, ఆ పోస్టు రసీదు రేపు మేజిస్ట్రేటు దగ్గర పనికొస్తుంది.

"కార్డులు పోయాయి" అని మిస్సింగ్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకండి. అది వస్తువు పోయిందని చెబుతుంది తప్ప, మీ పేరుతో నేరం జరిగిందని చెప్పదు. మీ కార్డులు మీ దగ్గరే ఉన్నాయి కూడా. ఫిర్యాదులో తేదీల వరసగా రాయండి: కాగితాలు ఎక్కడ, ఎప్పుడు, ఏ పనికి ఇచ్చారు, ఎంక్వైరీల తేదీలు, లోన్ తేదీ, యూటీఆర్, నకిలీ ఖాతా నంబరు, మీకు ఎప్పుడు తెలిసింది. కాగితాలు ఇచ్చిన చోటిని నేరుగా ముద్దాయిగా రాయకుండా "అనుమానం" అనే రాయండి, రుజువు తేల్చేది దర్యాప్తు.

ఇంకో హెచ్చరిక. మీ వివరాలు ఒకసారి బయటికి పోయాక, వాటిని కొనుక్కున్నవాళ్లు మీకే ఫోన్ చేస్తారు. సైబర్ క్రైమ్ నుంచి అంటారు, యూఐడీఏఐ అంటారు, మీ ఆధార్ చివరి నాలుగంకెలు, నాన్నగారి పేరు చెబుతారు కాబట్టి నిజమనిపిస్తుంది. "డిజిటల్ అరెస్ట్" అనేది ఏ చట్టంలోనూ లేదు. వీడియో కాల్‌లో వాంగ్మూలం తీసుకుంటామన్నా, ఖాతా సరిచూడ్డానికి డబ్బు బదిలీ చేయమన్నా పెట్టేయండి. అమ్మగారికి ఇది ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పండి. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు ముట్టుకోవద్దని కూడా.

తెనాలి_అబ్బాయి

వకీలు గారికీ, అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం. అమ్మ ఖాతాలోంచి ఎప్పుడైనా వేలిముద్రతో డబ్బు తీస్తే మూడు రోజుల్లో చెప్పాలంటారు కదా. ఆవిడకి మెసేజులు రావు. లెక్క ఎక్కణ్నుంచి?

పాతబ్యాంకరు

రిజర్వ్ బ్యాంకు 2017 జులై సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ కాక బ్యాంకుదీ కాక మధ్యలో ఎవరో చేసినదైతే, మూడు పని దినాల్లో చెబితే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పని దినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా రూ. 10,000, జీరో బ్యాలెన్స్ బేసిక్ ఖాతాకి రూ. 5,000 మీరు భరించాలి. ఏడు దాటితే ఆ బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. చెప్పిన 10 పని దినాల్లో బ్యాంకు ఆ మొత్తం తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి. తప్పు మీదేనని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే.

లెక్క మొదలయ్యేది బ్యాంకు నుంచి సమాచారం అందిన రోజు నుంచి, ఆ రోజుని వదిలేసి. సెలవులు కలపరు, ఖాతా ఉన్న బ్రాంచి పనిచేసే రోజులే లెక్క. శుక్రవారం సాయంత్రం మెసేజ్ వచ్చి, మర్నాడు రెండో శనివారమైతే, సోమ, మంగళ, బుధ మీకు ఉన్నట్టు. మెసేజే రాకపోతే గడువు ఎప్పుడు మొదలైందన్న దాని మీద బ్యాంకుతో వాదన పెట్టుకోవాల్సి వస్తుంది. అంతదాకా రానివ్వకండి. ఖాతాకి మీ నంబరు ఎస్సెమ్మెస్ కోసం ఇప్పించండి, ఆధార్‌కి లింకు చేయడం వేరు, బ్యాంకులో ఇవ్వడం వేరు, రెండూ చేయాలి. ఊరికి వెళ్లినప్పుడల్లా పాస్‌బుక్ ఎంట్రీ వేయించి, వివరం గడిలో ఏఈపీఎస్ అని ఉన్న వరుసలు అమ్మగారిని అడిగి చూసుకోండి. ఫిర్యాదు బ్రాంచిలో ఇచ్చినప్పుడు నకలు మీద స్టాంపు, తేదీ, సమయం వేయించుకోండి. స్టాంపు వేయడానికి ఒప్పుకోకపోతే అదే కాగితం బ్రాంచి మెయిల్‌కి పంపండి, ఆ మెయిల్ వెళ్లిన సమయమే మీ రుజువు.